పడమటి ఎండ, పాత మిద్దె, వీధి తిన్నె

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాకు పడమర ముఖంగా ముప్పై–నలభై స్థలం ఉంది. మిగతా మూడు వైపులా ఇళ్ళు లేచిపోయాయి. ఇంజినీరు ఇచ్చిన ప్లానులో ముందు భాగమంతా అద్దాలు, పిట్టగోడ మీద సిమెంటుతో చిన్న గోపురం. తిరుపతి సంప్రదాయం ఉట్టిపడుతుంది అంటున్నాడు. ఇప్పుడు మేం అద్దెకున్న ఇంట్లో రాత్రి పన్నెండయినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. సొంతింట్లోనూ అదే పాట్లు పడకూడదంటే ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా మామగారి నులకమంచం కళ్ళముందు మెదిలింది. ముప్పై ఏళ్ళ కిందట మా ఇంటికి ప్లాను నేనే గీశాను. పడమటి గదికి ఆరడుగుల అద్దాల కిటికీ పెట్టి, వెలుతురు బాగా వస్తుందని ఆ గది ఆయనకిచ్చాను. మొదటి ఏడు మే నెలలో ఒకరోజు ఆఫీసు నుంచి ముందుగా వస్తే, మంచం తూర్పు సందులో మెట్ల కింద కనబడింది. నేను గడప దాటగానే మంచం అక్కడికి లాక్కోవడం, నేను వచ్చేలోపు మళ్ళీ గదిలో వేసుకోవడం. వారం రోజులుగా అదే పనట. "ఆడైతే సల్లగా ఉండాదమ్మా" అన్నారు, అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. గదిలోకెళ్ళి కిటికీ పక్క గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. తప్పు నాది. ఆనాటి నుంచి ఎవరి ప్లాను ముందుకొచ్చినా మొదట పడమటి గోడ వైపే చూస్తాను.

మన తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదమూడున్నర డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆగస్టు మధ్యలో మళ్ళీ ఒకసారి వస్తాడు. ఆ నడుమ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే వాలి ఉంటాడు కాబట్టి, మండు వేసవిలో దక్షిణపు గోడకు ఆ వేళ ఎండే తగలదు. దక్షిణం వైపు ఎక్కువగా చలికాలంలో ఎండ పడుతుంది. దానికి రెండడుగుల సజ్జ చాలు, డిసెంబరు మధ్యాహ్నం కూడా కిటికీ మీద రెండున్నర అడుగుల దాకా నీడ దింపుతుంది. వేసవి దెబ్బంతా తినేది మిద్దె, పడమటి గోడ. పడమటికి సజ్జ ఎంత ముందుకు లాగినా సాయంత్రం నాలుగు గంటల ఎండ దాని కిందనుంచి దూరి లోపలికి వచ్చేస్తుంది. దానికి నిలువు అడ్డమే కావాలి.

కాబట్టి ఆ అద్దాల ముఖం వద్దు. మీ స్థలం మన లెక్కలో (అంకణమంటే ముప్పై ఆరు చదరపు అడుగులు) సుమారు 33 అంకణాలు, చిన్నదేం కాదు. వీధి పడమరకే ఉంది గనక మెట్లు, స్నానాల గది, సామాన్ల గది ముందుకు తెచ్చి పడమటి గోడ పొడుగునా పెట్టించండి. మధ్యాహ్నం నుంచి ఎండ తినేది ఎవరూ పడుకోని గదులవుతాయి. పడకగదులు తూర్పుకు జరపండి. వాకిలి ముందు ఐదడుగుల వసారా వదిలి, దాని ముఖానికి ఇటుక జాలీ కట్టించండి. గాలి ఆగదు, ఎండ మాత్రం ముక్కలై నేల మీద పడిపోతుంది. మిగిలిన పడమటి గోడను ఇటుకలు పడుకోబెట్టి కాక, అంచు మీద నిలబెట్టి, నడుమ బోలు ఉండేలా కట్టమనండి. చవక ఇళ్ళకు పేరుపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో వందల ఇళ్ళకు ఈ కట్టుబడే వాడారు. ఇటుక నాలుగోవంతు దాకా మిగులుతుంది, గోడ లోపల నిలిచిన గాలి వేడిని అడ్డుకుంటుంది. మన బేల్దారి మేస్త్రీలకు మొదట చెయ్యి తిరగదు. ఒక పూట దగ్గరుండి ఐదారు వరుసలు కట్టించుకుంటే చాలు, అలవాటైపోతుంది.

మిద్దె సంగతి. ఐదంగుళాల సిమెంటు శ్లాబు పగలు తాగిన వేడిని రాత్రి మీ మంచం మీద కక్కుతుంది. అద్దింట్లో మీరు పడుతున్న బాధ అదే. ఏటా ఉగాదికి ముందు మిద్దె మీద సున్నం కొట్టించడం అన్నిటికన్నా చవక. పాతకాలపు ఇళ్ళలో చేసినట్టు శ్లాబు మీద కుండలు బోర్లించి, సందులు సున్నపు కాంక్రీటుతో నింపి, పైన తెల్ల పెంకు ముక్కలు పరిస్తే ఇంకా మంచిది. బోర్లించిన కుండలో చిక్కుకున్న గాలి వేడిని కిందికి దిగనివ్వదు. మా అవ్వ ఇంట్లో వేసవి రాగానే మిద్దె మీద కొబ్బరాకుల పందిరి పడేది. ఈ రోజుల్లో మీరు సోలారు పలకలు పెట్టిస్తారేమో. వాటిని మనిషెత్తున నిలబెట్టించండి, కిందంతా పందిరే, బట్టలారేసుకోవచ్చు.

వీధి వైపు ఒక కానుగ మొక్క నాటండి. ఎండలు ముదిరేసరికి ఆకు రాల్చి మళ్ళీ నిండుగా చిగుర్చుకునే చెట్టు అది.

మరొక్క మాట. 2021 నవంబరులో మన ఊరి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో మీరూ చూసే ఉంటారు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వస్తాయి. పునాది తియ్యకముందే ఆ వీధిలో పాతకాలం నుంచి ఉన్నవాళ్ళని అడగండి: ఇక్కడ చెరువు కాలువ ఏ దోవన పారేది అని. ఇంటి మట్టం రోడ్డుకు మూడడుగుల పైన ఉంచండి. రేపు రోడ్డు మీద రోడ్డు వేస్తారు, అది లేస్తూనే ఉంటుంది. తూర్పు, ఉత్తరం కిటికీలకు సజ్జలు పొదుపు చెయ్యొద్దు, వానజల్లు అటునుంచే కొడుతుంది.

గోపురం బొమ్మ తీసేయించండి అమ్మా. గోవిందరాజస్వామి గోపురం దేవుడిది, ఊరందరిదీ. పిట్టగోడ మీద సిమెంటు బొమ్మ పెట్టినందువల్ల మన ఇంటికి తిరుపతి కళ రాదు. ఆ డబ్బు జాలీకి పెట్టండి.

ప్రశ్న: నైరుతి బరువుగా, ఈశాన్యం ఖాళీగా ఉండాలంటారు. చదువుకున్నవారు మీరు, వాస్తు నమ్ముతారా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: అయ్యా, నైరుతి మూల మందపు గోడలతో ఉంటే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పడే ఎండను ఆ మూలే ఆపుతుంది. ఈశాన్యం తెరిచి ఉంచితే పొద్దుటి వెలుతురు ఇంట్లోకి దిగుతుంది. ఈ రెండూ మన ఎండకు అతికినట్టు సరిపోతాయి కాబట్టి నేను సంతోషంగా పాటిస్తాను. కానీ వాస్తు పేరు చెప్పి ఉన్న కిటికీ మూసేయమంటే ఒప్పుకోను. గాలి ఆడని గదిలో ఏ దిక్కు మేలు చేస్తుంది చెప్పండి?

ప్రశ్న: చంద్రగిరి దగ్గర మా పల్లెలో తాతలనాటి మిద్దె ఇల్లు ఉంది. పైకప్పు కొయ్య దంతెల మీద ఇటుకలు పరిచిన రకం. రెండేళ్ళుగా వానొస్తే కారుతోంది. పైన సిమెంటు పూత వేయించాం, తర్వాత తారు షీటు పరిపించాం, అయినా ఆగలేదు. పడగొట్టి డూప్లెక్స్ కట్టేద్దామంటున్నాం. అమ్మ మాత్రం ఆ ఇల్లు వదిలి రానంటోంది. ఆమె మొండితనమనుకోవాలా?
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: నాయనా, మొండితనం కాదు. మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళి, మధ్యాహ్నం మీ అమ్మ పక్కన ఆ నట్టింట్లో పడుకో. జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

మీ ఇంటిది మద్రాసు మిద్దె. దూలాల మీద దంతెలు, వాటి మీద పలచటి చిన్న ఇటుకలు ఐమూలగా అంచు మీద నిలబెట్టి సున్నంతో కూర్చుతారు. పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు, ఆ పైన చదును పెంకులు. మా తాత సున్నం మేస్త్రీ. ఆయన పని చేసేచోటికి చిన్నప్పుడు నేను క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. గుంటలో సున్నం వారాల తరబడి నీళ్ళలో మాగేది. ఒక తొట్టిలో నలగ్గొట్టిన కరక్కాయలు, బెల్లం కలిపి నానబెట్టేవాళ్ళు. పులిసిన ఆ నీళ్ళ వాసన వీధి మొదట్లోకే తగిలేది. గానుగలో రాతి చక్రం కింద సున్నం, ఇసుక నలుగుతుంటే తాత మధ్యమధ్యలో చిటికెడు తీసి బొటనవేలితో రుద్ది చూసేవాడు. వెన్నలా జారితేనే "కానీండి" అనేవాడు. మిద్దె మీద కాంక్రీటు వేశాక ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. చెక్క ఎగిరిపడే దాకా, అంటే మిద్దె గట్టిపడి చెక్కను వెనక్కి తన్నే దాకా కొట్టాలి. అలా కొడుతున్నప్పుడే ఆ కరక్కాయ నీళ్ళు పైన చల్లేవాళ్ళు.

ఇంత పని చేసిన కప్పు మీద మీరు సిమెంటు పూశారు. సున్నం తేమ పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దోవ మూసేసింది. ఎండకు సిమెంటు ఒకలా సాగుతుంది, కింద సున్నం ఇంకోలా. దాంతో వెంట్రుకంత పగుళ్ళు వచ్చి నీళ్ళు దిగాయి, దిగిన నీళ్ళు తిరిగి ఆరలేదు. తారు షీటుతో ఆ చెమ్మ లోపలే చిక్కి ఇప్పుడు దంతెల మీద పడుతోంది. కారడం మొదట ఎక్కడ మొదలయిందో చెప్పమంటావా? చూడకుండానే చెబుతున్నాను, ముందు తూము దగ్గర చూడు. ఆకులు అడ్డుపడి నీళ్ళు నిలిచి ఉంటాయి, లేదంటే పిట్టగోడ మొదట్లో రావి మొలక వేరు దించి ఉంటుంది. నేను చూసిన కారే మిద్దెల్లో చాలావాటి జబ్బు ఇదే.

వానలు పోయాక, జనవరిలో పని పెట్టుకో. షీటూ సిమెంటూ మెల్లగా ఒలిపించు. సమ్మెట వాడనివ్వొద్దు, ఉలితోనే తియ్యాలి. రావి వేరు పైపైన కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది, ఆ చోట ఇటుకలు తీసి వేరంతా లాగి మళ్ళీ కట్టాలి. లోపల ప్రతి దూలం చివరా, గోడలోకి దూరే చోట, సుత్తితో తట్టి విను. ఖంగుమంటే కొయ్య బాగున్నట్టు. డొల్లగా పలికితే అక్కడ స్క్రూడ్రైవరు గుచ్చి చూడు, మెత్తగా దిగితే పుచ్చినట్టే. పుచ్చిన దూలం ఒకటో రెండో ఉంటే పక్కన ఇనుప దూలం జోడించవచ్చు, అందుకోసం ఇల్లంతా కూల్చక్కర్లేదు. తర్వాత సున్నపు కాంక్రీటు వాటం చూసుకుని మళ్ళీ వేసి, రెండు వరుసల చదును పెంకులు, కింది వరుస సందు మీద పై పెంకు వచ్చేటట్టు పరిపించు. గోడల లోపలి పూత కూడా సున్నంతోనే. ప్లాస్టిక్ పెయింటు వేయకు.

ఒకవేళ దూలాలు సగానికి మించి పోయి, గోడలు కూడా బీటలిచ్చి ఒరిగి ఉంటే అప్పుడు సంగతి వేరు. మనుషుల ప్రాణం కన్నా ఇల్లు ఎక్కువ కాదు. అటువంటప్పుడు తలుపులూ దూలాలూ జాగ్రత్తగా దింపించి కొత్త ఇంట్లో వాడుకో. ఏదైనా పాత కట్టడాల పని తెలిసిన ఇంజినీరు చేత చూపించాకే తేల్చుకో, కాంట్రాక్టరు ఒక్కడి మాట మీద కాదు.

చంద్రగిరి నీ ఇంటికి దగ్గరే కాబట్టి ఒకసారి కోటలో రాజమహల్‌కి వెళ్ళు. విజయనగర రాజుల కాలం నాటి మూడంతస్తుల కట్టడం. కొయ్య అన్నది వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపారు. బయట రాళ్ళు కాలుతున్న వేళ కింది అంతస్తులో నిలబడితే ఒంటికి చల్లదనం తెలుస్తుంది. అంత మందం గోడ పగటి వేడిని లోపలికి తెచ్చేసరికి పొద్దు గూకిపోతుంది. మీ అమ్మ నోటితో చెప్పలేకపోతున్నది అదేనేమో.

ప్రశ్న: పాతకాలపు అందం కోసం శ్లాబు మీద మంగళూరు పెంకులు అతికిద్దామనుకుంటున్నాం. మంచిదేనా?
– దంపతులు, మదనపల్లె

జవాబు: వాలు శ్లాబు వేసి దాని మీద సిమెంటుతో పెంకు అతికిస్తే రెండు కప్పుల ఖర్చు పెట్టి ఒక కప్పు సుఖం పొందినట్టు. ఆ పెంకు పుట్టిందే గాలి ఆడటానికి. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు 1860లలో ఫ్యాక్టరీ పెట్టి చేయించిన ఈ పెంకు వాసాల మీద, రీపర్ల మీద వదులుగా కూర్చుంటుంది. వేడి గాలి సందుల్లోంచి పైకి పోతుంది, పగిలితే ఒక్క పెంకు మార్చుకుంటే సరి. మీ మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, మా తిరుపతంత ఉడుకు మీకు లేదు. వసారా వరకు నిజమైన పెంకు కప్పు వేసుకోండి. లోపలి గదులకు శ్లాబే కావాలంటే, సెంట్రింగు చెక్క మీద ఇనుప కడ్డీల నడుమ పాత పెంకులు రెండేసి బోర్లించి పెట్టి, పైన కాంక్రీటు పోయించండి. శ్లాబు కింది భాగంలో కాంక్రీటు ఎటూ బరువు మోసేది కాదు, అక్కడ పెంకు ఉన్నా నష్టం లేదు. కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకుల వరుసలే పైకప్పు అలంకారం. కడ్డీల లెక్క మాత్రం ఇంజినీరుతో వేయించాలి.

ప్రశ్న: నేను బి.టెక్ చదివాను. మా పొలంలో మట్టితోనే ఇల్లు కట్టాలని కోరిక. నాయన నవ్వుతున్నాడు, "మట్టింట్లోంచి బయటపడడానికే గదరా నిన్ను చదివించింది" అంటున్నాడు. ఏం చెప్పాలి?
– ఒక యువకుడు, కుప్పం

జవాబు: అబ్బాయ్, ముందు నాయన మాట తీసిపారెయ్యకు. ఏటా వానలకు గోడ కడిగిపోవడం, చెదలు, ఎలుకలు, పండగ ముందర అలుకుడు చాకిరీ, అదంతా ఆయనా మీ అమ్మా పడ్డ కష్టం. ఆ కష్టం తిరిగి రాకుండా మట్టి వాడే పద్ధతి ఉందని చూపిస్తేనే ఒప్పుకుంటాడు.

కుప్పానికి బెంగళూరు దగ్గరే. అక్కడ భారతీయ విజ్ఞాన సంస్థలో 1970ల నుంచి మట్టి దిమ్మెల మీద పని జరిగింది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో మట్టి కట్టడాలకే ప్రత్యేకంగా సంస్థ ఉంది, శిక్షణ కూడా ఇస్తారు. పద్ధతి ఇదీ: జల్లించిన ఎర్రమట్టిలో సుమారు నూటికి ఐదు పాళ్ళు సిమెంటు కలిపి, చేతి మిషన్లో గట్టిగా అదిమి దిమ్మె తీస్తారు. బట్టీ లేదు, కట్టెలు కాల్చేది లేదు. నాలుగు వారాలు నీడలో తడుపుతూ ఉంచాలి. తడపడంలో బద్ధకిస్తే దిమ్మె పనికిరాదు.

నీ మట్టి పనికొస్తుందో లేదో ఇంట్లోనే తెలుసుకో. పైమట్టి రెండడుగులు తీసేసి కింది మట్టి తియ్యి, పైమట్టిలో వేళ్ళూ ఎరువూ ఉంటాయి. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒకరోజు కదపకుండా పెట్టు. అడుగున ఇసుక, పైన ఒండ్రు, ఆపైన బంక పొరలుగా తేలతాయి. ఇసుక పాలు సగానికి పైన ఉంటే దిమ్మెలకు మంచి మట్టి. బంక ఎక్కువైతే ఎండాక బీటలిస్తుంది, ఇసుక కలుపుకోవాలి. నల్లరేగడి అయితే జోలికి పోవద్దు.

గోడ కన్నా దాని కాళ్ళూ తలా ముఖ్యం. పునాదీ, నేల మీద కనీసం రెండడుగుల గోడా రాయితోనే కట్టు, మన సీమలో రాయికి కరువా! కప్పు చూరు రెండున్నర అడుగులు బయటికి ఉండాలి. ఈ రెండూ తప్పకుండా ఉంటే మట్టి గోడను వాన ముట్టుకోదు. నేలకు పలమనేరు వైపు కుమ్మరుల చేతి టెర్రకోట పలకలు దొరికితే వాడుకో. ముందు ఒక పశువుల కొట్టమో మోటారు గదో కట్టి చూపించు. రెండు వానాకాలాలు నిలబడ్డ గోడను చూస్తే మీ నాయన నీతో పాటు తట్ట ఎత్తుతాడు.

ప్రశ్న: కొత్త ఇంటికి వీధి తిన్నెలు కావాలని నా కోరిక. "దోవన పోయే ప్రతివాడూ కూర్చుంటాడు, రోడ్డు వెడల్పు చేస్తే కొట్టేస్తారు" అని మా అబ్బాయి వద్దంటున్నాడు.
– ఒక పెద్దావిడ, చిత్తూరు

జవాబు: అమ్మా, కూర్చోవడానికే కదా తిన్నె. మా అవ్వ ఇల్లు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి రెండు వీధుల అవతల. మా చిన్నప్పుడు కొండకు నడిచి వెళ్ళే యాత్రికులు రాత్రిళ్ళు ఆ తిన్నెల మీదే పడుకునేవారు. తెల్లారేసరికి మూటలు కట్టుకుని వెళ్ళిపోయేవారు, వాళ్ళ పేర్లు మాకు తెలియవు. మే నెలలో గంగమ్మ జాతరకు వేషాలు వీధిలోకి వస్తున్నాయంటే మేం పిల్లలమంతా తిన్నె మీద నిలబడి చూసేవాళ్ళం. అవ్వ పసుపునీళ్ళ చెంబు, వేపాకు పట్టుకుని మెట్టు మీద ఉండేది.

మీ అబ్బాయి భయంలో సగం న్యాయమే. వీధి స్థలంలోకి ఒక్క అంగుళం కూడా జరగొద్దు. ఆమోదించిన ప్లానులో మీ హద్దు లోపల, ముందు వదలాల్సిన ఖాళీ వదిలాక, వసారా కిందికే తిన్నె వచ్చేటట్టు గీయించండి. ఎత్తు అడుగున్నర. ముసలివాళ్ళు మోకాళ్ళు నొప్పెట్టకుండా లేవగలిగే ఎత్తు అది. వెడల్పు రెండున్నర అడుగులుంటే మనిషి ఒత్తిగిలి పడుకోవచ్చు. పైన మన చిత్తూరు రాతి బండే వేయించండి, కానీ మెరుగు పట్టించొద్దు, వానకు జారుతుంది. వీధి వైపుకు అర అంగుళం వాటం ఉంటే కడిగిన నీళ్ళు నిలవవు. గోడలో తలుపుకు రెండు పక్కలా దీపపు గూళ్ళు వదలండి, కార్తీకంలో ప్రమిదకు గాలి కొట్టనంత లోతుగా.

తిన్నె ఒక మూల బండలో చిన్న గుంట చెక్కించండి, వేసవిలో మంచినీళ్ళ కుండ కదలకుండా కూర్చోవడానికి. అవ్వ తిన్నె మీద ఆ గుంట ఇప్పటికీ ఉంది. ఎన్నో కుండల అడుగులు రాసుకుని రాసుకుని, వేలు పెడితే పలక మీద రాసినంత నునుపుగా ఉంటుంది.